ఐదు గంటల బుకింగ్

జనవరి 5, ఆదివారం

ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు ఈరోజు మొదలయ్యాయి. హాల్లో నలభై ముగ్గురం. హీటర్ పనిచెయ్యలేదు, అయినా ఒక్కరూ లేవలేదు. ఏలీయా బలిపీఠం మీద నీళ్ళు పోయించిన సంగతి చెప్పాను. గొంతు పోయేదాకా చెప్పాను. వెనక వరసలో స్టూడెంట్ కుర్రాళ్ళు ఫోన్లు కూడా తీయలేదు. నేను ఏ బైబిల్ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. హీత్రూ పక్కన కార్గో షెడ్‌లో ఫోర్క్‌లిఫ్ట్ తోలేవాణ్ణి. సీటు కింద వాక్యం పెట్టుకుని, లారీకీ లారీకీ మధ్య చదివి నేర్చుకున్నాను. అలాంటివాడి నోట్లో అగ్ని పెట్టింది ఆయనే.

మా బుకింగ్ రెండు నుంచి ఐదు. ఐదు నుంచి తొమ్మిది బొలీవియా వాళ్ళది. సెప్టెంబర్ నుంచీ వస్తున్నారు. మేం వెళ్ళాక పెట్టెలు విప్పేవారు కాబట్టి వాళ్ళేం చేస్తారో నాకు పట్టలేదు. ఈరోజు ప్రార్థన ఐదుంపావు దాకా సాగింది. వాళ్ళు వెనక తలుపు తీసుకుని వచ్చి పెట్టెలు విప్పేశారు.

తగిలించుకునే ముఖాలు. కొమ్ములు, గుడ్లగూబ కళ్ళు, కోరలు, నుదుటి మీద పడగెత్తిన మూడు తలల పాము. ఒకటి కాదు, పదకొండు. మేం లేచిన కుర్చీల మీదే వరసగా కూర్చోబెట్టారు. ఆఖరి ఆమెన్ చెప్పి కళ్ళు తెరిస్తే నా ఎదురుగా ఉన్న సంఘం అదీ.

జనవరి 7

షెడ్‌లో కార్టన్లు లెక్కపెడుతూ పదకొండు దగ్గర ఆగిపోతున్నాను.

జనవరి 12, ఆదివారం

ప్రసంగం అయ్యాక నేనే కావాలని ఆగాను. వాళ్ళ పెద్ద పేరు ఎలోయ్. అరవై దగ్గర ఉంటాడు, పొట్టి మనిషి, ముందు పన్ను బంగారం. టెర్మినల్‌లో క్లీనర్. నన్ను చూడగానే పాస్టర్, పాస్టర్ అంటూ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇది దెయ్యాల కొలువు, ప్రార్థించే చోట దీన్ని ఆడించకూడదు అన్నాను.

వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పుకొచ్చాడు. వాళ్ళది ఒరూరో అనే గనుల ఊరట. గని లోపల ఒక దెయ్యం, గని వాకిట్లో ఒక తల్లి. కార్నివాల్ శనివారం నాడు దెయ్యాలన్నీ బయటికొచ్చి ఊరంతా ఆడి, ఆఖరుకి తల్లి గుడిలో మోకాళ్ళ మీద పడతాయట. ముందు దేవదూత నడుస్తాడట. ఓడిపోయేది మేమే పాస్టర్, ప్రతి ఏడూ ఓడిపోతాం, దానికి రిహార్సల్ కావద్దా అని నవ్వాడు.

అహరోను చేయించిన దూడ ముందు కూడా జనం ఆడారు, ఆ రోజు మూడు వేలమంది చచ్చారు అన్నాను. మూడు వేలేనా, చిన్న ఊరేగింపు, మా ఊళ్ళో ఇరవై వేలకు పైనే ఆడతారు అన్నాడు. వాడికి భయం లేదు. నన్ను ఆపింది అదే.

తర్వాత మెల్లగా ఇంకో మాట అన్నాడు. టెర్మినల్‌లో రోజుకి లక్షమంది మా పక్కనుంచి పోతారు, తడి నేల బోర్డు కనబడుతుంది గాని మేం కనబడం. కొమ్ములు పెట్టుకున్న రోజున మాత్రం అందరూ ఆగి మీరు ఎవరు, ఎక్కడివాళ్ళు అని అడుగుతారు అన్నాడు. 

వాడి భార్య ఫెలీసా. ఆవిడా క్లీనరే. మేం కూర్చున్న చోట పిల్లలు రాల్చిన బిస్కెట్ పొడి వంగి ఊడ్చింది. ఎవరూ అడగలేదు. నా భార్య సులోచనకి కాగితంలో చుట్టి గారెల్లాంటివేవో ఇచ్చింది. విగ్రహానికి పెట్టినవేమో, తినొద్దన్నాను. సులోచన బస్‌స్టాప్‌లో నిలబడి మూడూ తినేసింది. మా అమ్మాయి హాసిని తనకీ కావాలని అడుగుతుందేమో అనుకున్నాను. అది అప్పటికే లైబ్రరీకని వెళ్ళిపోయింది. ఫైనల్ ఇయర్, అసైన్‌మెంట్లు.

జనవరి 15, పొద్దున

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఆదివారం మేం కోట్లు తొడుక్కుంటుంటే వాళ్ళ పెద్ద డప్పు మొదలైంది. నా కుడి కాలు కదిలింది. నేను కదపలేదు.

మా నాయన తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టేవాడు. ఒకరోజు ఒళ్ళంతా కుంకుమ, ఒకరోజు ఒళ్ళంతా బొగ్గు. నాకు ఏడేళ్ళప్పుడు జ్వరమొచ్చి మనిషి దక్కడన్నప్పుడు ఏడేళ్ళు కడతానని మొక్కుకున్నాడు. కట్టాడు, ఏడేళ్ళు దాటినా మానలేదు. బొగ్గు పూసుకున్న నాయన భుజం మీద కూర్చుని బజారంతా తిరిగాను. నా చొక్కాకి అంటిన మసి అమ్మ ఎంత ఉతికినా పోలేదు.

ఇరవై రెండో ఏట నేను ప్రభువుని తెలుసుకున్నాను. ఆ ఏడు జాతర రోజున నడిబజార్లో నాయన ముందు నిలబడి, నువ్వు కొలిచేది దెయ్యాన్ని అన్నాను. వేషంలో ఉన్నాడు. ముఖం మీద రంగు ఉన్నందువల్ల ఆయన ముఖం ఏమైందో నాకు తెలియలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. మళ్ళీ వేషం కట్టలేదు.

హాసినికి ఇవేవీ చెప్పలేదు. పిల్లకి చెత్త ఎందుకు?

జనవరి 19, ఆదివారం

ఈరోజు ఆత్మ కదిలింది. దేవునికే మహిమ.

మన నిశాంత్, ఎమ్మెస్సీ చేసే కుర్రాడు, పోయిన వారం ఆ ముఖం ఒకటి తగిలించుకుని సెల్ఫీ తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు. కింద ముప్ఫై నవ్వు బొమ్మలు. నిలబెట్టి అడిగితే, సారీ అంకుల్, ఫన్నీగా ఉందని పెట్టాను అన్నాడు. ఫన్నీ! సర్పం హవ్వతో మాట్లాడినప్పుడు కూడా ఫన్నీగానే ఉండి ఉంటుంది.

అప్పుడే బయట డప్పు. ఐదింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను దాని మీద గొంతు పెంచాను. అది నా మీద పెంచింది. అప్పుడు నా నోట ఈ మాట వచ్చింది. ఆ ముఖం తగిలించుకుని ఆడినవాళ్ళు మనలో ఎవరైనా, నా ఇంటి పిల్లయినా సరే, ఈ స్టేజీ మీద నుంచే పేరు చదివి సహవాసంలోంచి బయటికి పంపుతాను. దేవుని ముందు ప్రమాణం. తప్పితే ఇక నోరు తెరవను.

జనం ఆమెన్ అని లేచి నిలబడ్డారు. సులోచన కూర్చునే ఉంది. తల వంచుకుని చున్నీ అంచు లాక్కుంటోంది.

కారు దగ్గర గోపాల్‌రావు గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. పెద్దమనిషి, మా సహవాసం ట్రెజరర్, గుంటూరు ఆయన. మెసేజ్ అద్భుతంగా ఉందండీ బ్రదర్, కానీ మొదటి సగం చాలేది, రెండో సగం ఎందుకండీ, రికార్డింగ్ కూడా ఆన్‌లో ఉంది అన్నారు.

జనవరి 25, శనివారం

ఉపవాసాలు పూర్తయ్యాయి. ఒళ్ళు తేలిగ్గా ఉంది, తల ఇంకా తేలిగ్గా ఉంది.

హాలు లెటింగ్స్ ఆఫీసుకి మెయిల్ పంపాను. గత ఆదివారం సాయంత్రం ఐదు గంటల గ్రూపువాళ్ళు హాల్లోపల బాణసంచా కాల్చారనీ, పిల్లలు చుట్టూ ఉన్నారనీ, పెట్టెలతో ఫైర్ ఎగ్జిట్ మూసేశారనీ, కళ్ళారా చూశాననీ రాశాను. పేరు రహస్యంగా ఉంచమన్నాను.

చూడలేదు. నేను చూసింది కొమ్ముల మధ్య బ్యాటరీతో మిణుకుమిణుకుమనే బల్బు. పెట్టెలు గోడ పక్కన ఉన్నాయి. ఫైర్ ఎగ్జిట్‌కీ వాటికీ మధ్య ఇద్దరు నడిచే చోటుంది.

రాహాబు వేగులవాళ్ళను దాచి అబద్ధం చెప్పింది. దేవుడు ఆమెను మెచ్చుకున్నాడు.

జనవరి 30

బుకింగ్ సస్పెండ్. విచారణ ముగిసేవరకు, కనీసం ఎనిమిది వారాలు. ఇంత సులువా!

ఫిబ్రవరి 2, ఆదివారం

దేవుడే ద్వారం మూశాడని సాక్ష్యం చెప్పాను. చప్పట్లు ఆగలేదు. ఎలా మూశాడో ఎవరూ అడగలేదు.

ఐదింటికి బయటికొస్తే వాళ్ళంతా పేవ్‌మెంట్ మీద పెట్టెలతో నిలబడి ఉన్నారు. మెయిల్ చూసుకోలేదట. సన్నగా వాన. మేం ఏం తప్పు చేశాం పాస్టర్, నీకేమైనా తెలుసా అని ఎలోయ్ అడిగాడు. నీ పైనున్నవాణ్ణి అడుగు అన్నాను. లోపల తన మాప్ బకెట్ ఉండిపోయింది, తెచ్చుకోవచ్చా అంది ఫెలీసా. నేనే తెచ్చిచ్చాను. థాంక్యూ అంటూ నా చెయ్యి నొక్కింది. బ్లీచ్ వాసన ఇంకా వస్తోంది.

ఈరోజు వాళ్ళ తల్లి పండగట. కొత్తగా ఆడేవాళ్ళు ఈ రోజునే మొక్కుకోవాలట, వరసగా మూడేళ్ళు ఆడతామని. ఏం కోరి మొక్కుకున్నారో ఎవరికీ చెప్పకూడదు, మూడేళ్ళలో ఒక్క ఏడూ తప్పకూడదు. ఇది నిశాంత్ చెప్పాడు. లోపలికి వెళ్ళే చోటు లేక అక్కడే, చెత్తడబ్బాల పక్కన, చిన్న పటం గోడకి ఆనించి, గొడుగుల కింద కొవ్వొత్తులు వెలిగించారు. ఐదారుగురు మోకాళ్ళ మీద కూర్చున్నారు. కోటు హుడ్‌లు ముఖాల మీదికి లాక్కుని. నేను కారెక్కేశాను.

ఫిబ్రవరి 11

హాసిని దగ్గుతోంది. ట్రైనర్స్ నిండా నల్లటి బురద. లైబ్రరీకి వెళ్ళే దారిలో బురద ఎక్కడిదంటే, షార్ట్‌కట్ నాన్నా, కెనాల్ పక్కనుంచి అంది. నుదుటి మీద రెండు పక్కలా ఎర్రగా ఒరిపిడి గుర్తులు. కొత్త హెల్మెట్ టైట్‌గా ఉందంది. సైకిల్ పోయిన ఏడే అమ్మేసింది కదా అన్నాను. ఫ్రెండ్ సైకిల్ అంది.

సులోచన మధ్యలో వచ్చి, పిల్లని తిననీండి, ఎప్పుడూ ఆ కోర్టు విచారణ ఏంది అంది.

ఫిబ్రవరి 16, ఆదివారం, సాయంత్రం ఆరున్నర

ఇంకా కోటు కూడా విప్పలేదు. ముందు ఇది రాయాలి.

బొలీవియా వాళ్ళు కెనాల్ వెనక ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక గ్యారేజీ షెడ్ పట్టుకున్నారని తెలిసింది. ప్రార్థన అయ్యాక గోపాల్‌రావు గారూ, ఇంకో ఇద్దరు బ్రదర్సూ, నేనూ కారులో వెళ్ళాం. వాళ్ళకి కరపత్రాలు ఇద్దామని. అంతే. ప్రేమతోనే వెళ్ళాం.

షట్టర్ దించి ఉంది. లోపల డప్పు. కరపత్రాలు పట్టుకుని నలుగురం నిలబడ్డాం. షట్టర్ గరగరమని లేచింది. మొదట ఒకటి బయటికి దూకింది. కొమ్ములు, ఎర్రటి బూట్లు, చేతుల్లో గుడ్డ తిప్పుతూ. ఎంత బాగా ఆడిందో ఎందుకు అబద్ధమాడాలి? కాళ్ళు నేలని తాకుతున్నట్టే లేదు. తిన్నగా నా ముందుకొచ్చి ఆగిపోయింది. బొమ్మలా.

గడ్డం కింద పట్టీ విప్పుకుని ముఖం తీసింది.

హాయ్ నాన్నా, అంది హాసిని.

యెఫ్తా. యుద్ధం గెలిస్తే నా ఇంటి గుమ్మంలోంచి మొదట ఎదురొచ్చినదాన్ని దేవునికి ఇస్తానని మొక్కుకున్న యెఫ్తా. తంబురతో ఆడుకుంటూ వచ్చింది ఎవరు? ఒక్కగానొక్క కూతురు. ఆ అధ్యాయం మీద నేను నాలుగుసార్లు ప్రసంగించాను. నాలుగుసార్లూ తప్పు యెఫ్తాదే అన్నాను.

గోపాల్‌రావు గారు కరపత్రాలు జేబులో పెట్టుకుని, మనం వెళ్దాం రండి బ్రదర్ అన్నారు. చాలా మర్యాదగా.

ఫిబ్రవరి 17

సులోచనకి మొదటి నుంచీ తెలుసు. వాట్సాప్ వీడియోలో మా అమ్మ చేత హాసినికి తాత జాతర కబుర్లన్నీ చెప్పించింది కూడా తనే.

ఏంది అట్లా చూస్తావు అంది. ఇరవై ఆరేళ్ళలో నన్ను మీరు అనకపోవడం ఇదే మొదలు. ఆ బిడ్డ కాళ్ళు చూసినావా? అచ్చం మీ నాయన కాళ్ళే. నువ్వు ఆయప్పని నడిబజార్లో ఆపేసినావు. ఆట ఆగిందనుకున్నావు. అది యాడికీ పోలే, తిరిగి తిరిగి నీ ఇంట్లోనే మొలిచింది. పోయి మళ్ళా ఆపుకో అంది. అని, పప్పు మాడుతోందని లోపలికి పోయింది.

హాసిని ఏడవలేదు. స్కూల్లో ఇంటర్నేషనల్ డే, కల్చర్ డే అని ఏదో ఒకటి ఉండేది, అందరూ ఏదో ఒకటి ఆడేవాళ్ళు, నాకు ఏదీ లేదు నాన్నా, మన ఊళ్ళో ఏముందంటే సాతాను అన్నారు మీరు. వాళ్ళ పిల్లలకి స్పానిష్ కూడా సరిగ్గా రాదు, బట్ దే నో ద స్టెప్. ఫెలీసా ఆంటీ నన్ను ఏమీ అడగలేదు, ముందు నీ షూ సైజ్ ఎంత అంది, అని చెప్పింది.

నువ్వు మొక్కుకున్నావా అన్నాను. అవునంది. ఏం కోరుకున్నావు అన్నాను.

యూ డోంట్ టెల్, అంది.

ఫిబ్రవరి 20

గోపాల్‌రావు గారి ఫోన్. సంగతి అందరికీ తెలిసిపోయిందట. మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టడం లేదండీ, ప్రమాణం చేసింది మీరు, మేమెవ్వరం అడగలేదు కదండీ అన్నారు. ఆదివారం స్టేజీ మీద కుర్చీలు తీయించెయ్యమంటారా, నిలబడే చదువుతారా అన్నారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

చదివాను.

హాసిని వచ్చింది. రావద్దన్నా వచ్చింది. ముందు వరసలో కూర్చుంది, వాళ్ళమ్మ పక్కన. పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు. తండ్రి పేరు దగ్గర నా పేరు నేనే చదవాల్సి వచ్చింది. అది లేచి, కోటు తీసుకుని, నిశాంత్ కాళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా దాటి బయటికి వెళ్ళింది. తలుపు మెల్లగా వేసింది. నేను ఆశీర్వచనం చెప్పి ముగించాను. ఎవరో వెనక ఏడ్చారు. ఎవరో ఆమెన్ అన్నారు.

ఇంటికి వచ్చేసరికి దాని గదిలో చార్జర్ లేదు, దుప్పటి లేదు. ఎలోయ్ వాళ్ళ ఫ్లాట్‌లో ఉంటుందట. సులోచన ఉంది. కంచం పెట్టింది. 

ఫిబ్రవరి 27, మధ్యాహ్నం

షిఫ్ట్ మారే టైమ్‌లో స్టాఫ్ బస్సులో ఎలోయ్ కనబడ్డాడు. పక్కకి జరిగి సీటిచ్చాడు. హాసిని బాగా తింటోందన్నాడు. శనివారం మీరూ రండి అన్నాడు. హాలు ఉంటే లోపలే ఆడేవాళ్ళం, రోడ్డు మీద ఊరేగింపుకి ఇంత తక్కువ టైమ్‌లో పర్మిషన్ రాదు, అందుకే షెడ్ దగ్గర మొదలుపెట్టి కెనాల్ గట్టు మీదుగా పార్కు దాకా పోతాం అన్నాడు.

ఆ గట్టు నేను ఎరుగుదును. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఆగాలి. రెయిలింగ్ లేదు. ఆ ముఖాలకి కళ్ళు ఊరికే బొమ్మకి, ఆడేవాళ్ళు నోటి సందులోంచి చూస్తారట. కాళ్ళ కింద ఏముందో కనబడదు.

ఎలోయ్, అన్నాను. ఏంటి పాస్టర్ అన్నాడు. ఏం లేదన్నాను. నా స్టాప్ ఇంకా రాకుండానే దిగిపోయాను.

ఫిబ్రవరి 28

లెటింగ్స్ ఆఫీసు నాలుగున్నర దాకా. నాలుగూ ఇరవైకి నంబరు కొట్టాను. మీరు క్యూలో మూడోవారు అంది రికార్డు గొంతు. రెండోవారు అనేదాకా ఆగాను. పెట్టేశాను.

మార్చి 1, శనివారం

నేను దగ్గరికి వెళ్ళలేదు. వంతెన మీద నిలబడ్డాను. చూడ్డానికి కాదు.

మూడున్నరకి వచ్చారు. ముందు రేకు కత్తితో దేవదూత, అది ఎలోయ్. వెనక బాకాలు, డప్పు. ఆ వెనక ఒకరి వెనక ఒకరుగా పదకొండు. పడవల్లో కాపురం ఉండేవాళ్ళు బయటికొచ్చి చప్పట్లు కొడుతున్నారు. కుక్కని తిప్పుతున్న ఒక ముసలామె మీరు ఎవరు, ఎక్కడివాళ్ళు అని అరిచి అడగడం నాకు వినబడింది. బొలీవియా అని అందరూ ఒకేసారి అరిచారు. అందులో మా పిల్ల గొంతు కూడా ఉండి ఉంటుంది.

పొద్దున వాన పడింది. గట్టంతా జారుడు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఒకటి, రెండు. అన్నీ ఒకేలా ఉన్నాయి. పదకొండు. వంతెన కింద మలుపు దగ్గర బాకాలవాళ్ళు ఆగారు, వెనకవాళ్ళకి అది కనబడలేదు. ఒకరి మీద ఒకరు వచ్చారు. మళ్ళీ లెక్కపెట్టాను. పది.

నీళ్ళ చప్పుడు కూడా పెద్దగా రాలేదు. డప్పు మోగుతూనే ఉంది. నీళ్ళలో కొమ్ములు ఒకసారి పైకొచ్చి పోయాయి.

అప్పుడు ప్రార్థించాను. నా జన్మలో అంత నిజంగా ప్రార్థించింది లేదు. ప్రభువా, నాది కాకూడదు, నా పిల్ల కాకూడదు, ఇంకెవరైనా సరే.

ఇంకెవరైనా సరే. ఇదే నా ప్రార్థన. ఒక్క అక్షరం మార్చకుండా రాశాను.

నేను మెట్లు దిగి పరుగెత్తేసరికి గట్టు మీద ఒకరు ముఖం పీకి పారేసి నీళ్ళలోకి దూకారు. హాసిని. అంటే పడింది హాసిని కాదు. స్తోత్రం అని పైకే అన్నాను, సంతోషంతో. అవును, సంతోషంతోనే.

ఫెలీసాను పైకి లాగారు. ముఖం పట్టీ బిగుసుకుపోయి రాలేదు. ఎవరో కత్తి అడిగారు. దేవదూత చేతిలోది రేకు కత్తి.

మార్చి 2, ఆదివారం

ఫెలీసాకి స్పృహ రాలేదు. హాస్పిటల్‌లో మెషీన్ మీద ఉంది.

హాల్లో కుర్చీలు చాల్లేదు. పక్క ఊళ్ళు హౌన్‌స్లో నుంచి, స్లౌ నుంచి కూడా వచ్చారు. సాక్ష్యమేమీ చెప్పనన్నాను. గోపాల్‌రావు గారే మైకు తీసుకుని, మన బ్రదర్ కన్నకూతుర్ని కూడా వెనకేసుకురాలేదు, ఆరు రోజులకే దేవుడు తీర్పు తీర్చాడు, పిల్లని మాత్రం కాపాడాడు అన్నారు. నిశాంత్ ఒక్కడే లేచి బయటికి పోయాడు.

ఇంటికొస్తే హాసిని నా కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నా భుజం మీద పడి ఏడ్చింది. ఐదేళ్ళ పిల్లప్పుడు ఏడ్చినట్టు. జుట్టులో ఇంకా కెనాల్ వాసన. నాకు భయమేసింది నాన్నా, అంది, నీళ్ళలో ఆంటీ నా చెయ్యి వదిలేసింది. నేను ఇంక ఎక్కడికీ వెళ్ళను అంది.

సులోచన నాకు టీ ఇచ్చింది. తాగండి అంది.

నా ఇల్లు నాకు తిరిగి వచ్చింది.

మార్చి 4

హాలు ఉంటే ఇలా అయ్యేది కాదు కదా, అంది హాసిని అన్నం తింటూ. ఎవరో కంప్లైంట్ ఇచ్చారట. ఫైర్‌వర్క్స్ అని. హూ వుడ్ ఈవెన్ సే దట్? ఎలోయ్ అంకుల్ అడిగితే ఆఫీసువాళ్ళు పేరు చెప్పేది లేదన్నారట. నాన్నా, మీ గ్రూప్‌లో ఎవరైనా అయ్యుంటారా, మీకు తెలుసా?

తెలియదన్నాను.

నాబోతును చంపించి అతని ద్రాక్షతోట లాక్కోడానికి యెజెబెలు రాణి ఉత్తరాలు రాయించింది. ఇద్దరు అబద్ధ సాక్షుల్ని కూర్చోబెట్టింది. ఆమెకి ఇద్దరు కావలసి వచ్చారు. నాకు నేనొక్కణ్ణే సరిపోయాను.

మార్చి 6

ఫెలీసా పోయింది. పొద్దున పదింటికి.

మార్చి 7

టెర్మినల్ దగ్గర ఎలోయ్ కోసం చూశాను. సెలవులో ఉన్నాడు. వాడి స్థానంలో ఎవరో కొత్త మనిషి. తడి నేల బోర్డు దగ్గర రెండు నిమిషాలు నిలబడ్డాను. అడ్డం లెమ్మన్నాడు.

మార్చి 8, శనివారం

గోపాల్‌రావు గారు రేపటికి పోస్టర్ చేయించారు. నా ఫోటో, మైకుతో. కింద పెద్ద అక్షరాలు: దేవుని తీర్పు, ఒక తండ్రి సాక్ష్యం. లైవ్ కూడా పెడతారట.

రేపు నేనూ వస్తాను, ముందు వరసలో కూర్చుంటాను, అంది హాసిని. వాళ్ళు నన్ను తిరిగి రానిస్తారా అని అడిగింది. అమ్మ చీర కట్టుకోనా అని అడిగింది. అది నా వైపు చూసే చూపు ఉంది చూశారా. ఇరవై ఏళ్ళలో నన్ను ఇలా చూడలేదు. తప్పంతా తనదే అన్నట్టు. నేను చెప్పిందే నిజమైంది అన్నట్టు.

నోరు మూసుకుంటే చాలు. ఆఫీసువాళ్ళు పేరు చెప్పరు. సులోచనకి తెలియదు. ఎలోయ్ ఎప్పటికీ నన్ను అనుమానించడు. పిల్ల నా ఇంట్లో, నా పక్కన, నా దేవుని దగ్గర ఉంటుంది. చెప్తే వెళ్ళిపోతుంది. ఈసారి చార్జర్ కోసం కూడా వెనక్కి రాదు.

వాక్యం తెరిచాను. అక్షరాలు కనబడుతున్నాయి. ఏమీ చెప్పడం లేదు.

మార్చి 9, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై

ఈ పుస్తకం జనవరి 25 దగ్గర తెరిచి కిచెన్ టేబుల్ మీద పెట్టాను. హాసిని చీర కట్టుకుని దిగి వచ్చింది. పేజీ వైపు చూసింది. నాకు తెలుగు చదవడం రాదు కదా నాన్నా, మీరే చదవండి, ఆగండి టీ పెడతాను అంది. కేటిల్ ఆన్ చేసి మూడు కప్పులు తీసింది. సులోచన చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

నీళ్ళు కాగేలోపు ఈ పేజీకి తిప్పుకుని ఇంతవరకు రాశాను, మళ్ళీ వెనక్కి తిప్పాలి.

కేటిల్ ఆగింది.